పొడి రసాయనాల నుంచి డెవలపర్, హైపో కలుపుకోవడం: నల్లగొండ నీళ్లు, ఎండలను దృష్టిలో పెట్టుకొని

మీరు రాసినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్తాను, పొరపాటుంటే సరిచేయండి. మీరు దేవరకొండలో ఉంటున్నారు. తాతగారి కెమెరాతో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర హెచ్‌పీ5 అనే నలుపు-తెలుపు ఫిల్ము రీలు ఒకటి తీశారు. ఒక లీటరుకు సరిపడే డీ-76 పొడి ప్యాకెట్టు, అంటే ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే డెవలపర్, తెప్పించారు. ఒకేసారి అంత అవసరం ఉండదని వంటింటి త్రాసు మీద దాన్ని సగం చేసి, ఆ సగాన్ని అర లీటరు బోరు నీళ్లలో కలిపారు. వేసవిలో ట్యాంకు నీళ్లు ఎలాగూ వేడిగానే ఉంటాయని విడిగా కాచలేదు. నీళ్లు మసకబారి అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది. పైన తేరిన నీటిని పోసి, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు రీలు కడిగితే (డెవలప్ చేస్తే) నెగటివ్‌లు పలుచగా వచ్చాయి, ఫిల్ము అంచున ఉండే అంకెలు కూడా లేతగానే ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగిందని, ఇకముందు విడి రసాయనాలు కొని సొంతంగా కలుపుకోవచ్చా అని అడిగారు.

అంచు అంకెల సంగతి రాసి మంచి పని చేశారు, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది. ఆ అంకెలను ఫ్యాక్టరీలోనే వెలుతురు తగిలించి అచ్చువేస్తారు కాబట్టి వాటికి మన కెమెరాతో సంబంధం లేదు. బొమ్మలు పలుచగా ఉండి అంకెలు మాత్రం నల్లగా స్పష్టంగా ఉంటే ఫొటో తీసేటప్పుడు వెలుతురు చాలలేదని, అంకెలు కూడా లేతబారితే డెవలపర్ పని చేయలేదని అర్థం. మీది రెండో సందర్భం. కెమెరాను, మీ చేతిని అనుమానించవలసిన పని లేదు. సమయం, ఉష్ణోగ్రత కూడా మీరు సరిగానే పాటించారు, ఆ ఫిల్ముకు స్టాక్ ద్రావణంలో, అంటే మళ్లీ నీళ్లు కలిపి పలుచన చేయని మందులో, 20 డిగ్రీల దగ్గర ఇవ్వవలసినది ఏడున్నర నిమిషాలే. తప్పంతా కలపడంలో జరిగింది. అందులో మొదటిది ప్యాకెట్టును సగం చేయడం, రెండవది పొడి కరిగేంత వేడి నీళ్లు తీసుకోకపోవడం, మూడవది బోరు నీళ్లు. మూడింటిలో పెద్ద తప్పు మొదటిదే.

డీ-76 సూత్రం 1920ల చివరి నుంచి అందరికీ తెలిసినదే. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. కంపెనీ ప్యాకెట్టులో దీనికి కొన్ని చిన్న చేర్పులు ఉంటాయి గానీ అసలు స్వరూపం ఇదే. మొత్తం 109 గ్రాములలో నెగటివ్‌కు నలుపు తెచ్చే పనిలో ముందుండే మెటాల్ 2 గ్రాములే అని గమనించండి. ఈ నాలుగు పొడుల రేణువులు ఒకే పరిమాణంలో ఉండవు. ప్యాకెట్టు లారీలోనూ కొరియర్ సంచిలోనూ కుదుపులు తింటూ వచ్చేసరికి, చాటలో చెరిగిన ధాన్యంలో నూకలు ఒక పక్కకు చేరినట్లు, ఒక్కో పొడి ఒక్కో చోట చేరుతుంది. పైనుంచి సగం తీసుకుంటే అందులో 1 గ్రాము మెటాల్ వస్తుందన్న హామీ ఏమీ లేదు. అర గ్రాము రావచ్చు, గ్రామున్నర రావచ్చు. త్రాసు ఎంత మంచిదైనా అది బరువును చెప్పగలదే తప్ప ఆ బరువులో ఏది ఎంత ఉందో చెప్పలేదు. అందుచేత పొడి ప్యాకెట్టును ఎప్పుడూ పూర్తిగా ఒకేసారి కలిపి, ద్రావణాన్ని మాత్రమే పంచుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. మన జిల్లాలో ఎవరైనా ముందుగా అడిగేది ఫ్లోరైడ్ గురించే. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు, పళ్లకు హాని చేసే ఆ ఫ్లోరైడ్, అంత స్వల్ప మోతాదులో డెవలపర్‌ను ఏమీ చేయదు. మనకు ఇబ్బంది కలిగించేవి బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, అంటే బిందె అడుగున తెల్లటి పొరగా కట్టే చౌడు. డెవలపర్‌లో గుప్పెడు గుప్పెడు వేసే సల్ఫైట్‌తో కాల్షియం కలిసి కాల్షియం సల్ఫైట్‌గా మారి తెల్లగా అడుగుకు దిగుతుంది. కంపెనీ ప్యాకెట్లలో దీన్ని అదుపు చేసే మందు కొంత కలిపే ఉంటుంది. మీరు తీసిన సగంలో అది ఎంత వచ్చిందో తెలియదు, పైగా దేవరకొండ వైపు బోర్లు చాలా గట్టి నీళ్లవి. మీరు చూసిన మడ్డిలో కొంత ఇది, మిగిలినది కరగని పొడి. తేర్చి పైనీళ్లు పోయడంతో ఆ కరగని పొడి, అంటే అసలు మందే, అడుగున మిగిలిపోయింది. బోరు నీటిలో ఇనుము ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. ఇనుము, రాగి లేశమాత్రం ఉన్నా డెవలపర్ గాలికి త్వరగా చెడిపోతుంది.

నేను డెవలపర్‌కు వాడేది వీధి చివరి ఆర్‌ఓ ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాను నీళ్లు. స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో ఈ సౌకర్యం లేదు. మా ఉస్తాద్ వాన నీటిని గుడ్డతో వడగట్టి సీసాలలో దాచేవారు, అది అయిపోతే మరిగించి చల్లార్చి తేర్చిన నీళ్లు. మరిగిస్తే గట్టిదనం కొంత తగ్గే మాట నిజమే కానీ పూర్తిగా పోదు. ఇన్వర్టర్ బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా శ్రేష్ఠమే. అయితే అవే దుకాణాలలో అలాంటి డబ్బాలలోనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి చీటీ చదివి, అడిగి మరీ తీసుకోవాలి. గత్యంతరం లేక కుళాయి నీళ్లే వాడవలసి వస్తే, అన్నిటికంటే ముందుగా లీటరుకు 1 లేదా 2 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కరిగించుకుంటే మడ్డి ఏర్పడదు. డెవలపర్ తరువాత బొమ్మను నిలిపే హైపోకు (ఫిక్సర్‌కు), మధ్యలో కడుగుళ్లకు మిషన్ భగీరథ నీళ్లు చాలు, అక్కడ ఇంత పట్టింపు అవసరం లేదు.

విడి రసాయనాలతో సొంతంగా కలుపుకోవచ్చు, మీకు ఓపిక ఉంటే అదే మంచి దారి కూడా. కాకపోతే కొనేటప్పుడు పేర్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్ అని మూడున్నాయి. తెలుగులో రాస్తే ఒక గుణింతం, ఒక అక్షరం తేడా. ఫోనులో చెబితే ఆ తేడా కూడా వినపడదు. మనకు కావలసినది సల్ఫైట్. సల్ఫేట్ మన పనికి దాదాపు ఉప్పుతో సమానం. సల్ఫైడ్ అయితే ఫిల్మును పాడు చేయడమే కాక, యాసిడ్ తగిలితే విషవాయువు వదులుతుంది.

ఈ తేడా నాకు పాఠంగా తెలియలేదు. సొంతంగా స్టూడియో పెట్టుకున్న కొత్తలో నగరంలోని ఒక దుకాణం నుంచి రెండు కిలోల సల్ఫైట్ తెప్పించుకున్నాను. సంచి మీద చేత్తో రాసిన చీటీ ఉండేది, దాన్ని నమ్మాను. తిప్పర్తి వైపు ఒక పెళ్లికి వెళ్లి తీసిన రెండు రీళ్లు ఆ డెవలపర్‌లో వేశాను. ఉదయం కలిపినప్పుడు నీళ్లలా ఉన్న మందు మధ్యాహ్నానికి చాయ్ రంగుకు వచ్చిందని గమనించాను గానీ, ఎండలకు అలా అయిందేమో అనుకున్నాను. సల్ఫైట్ చేసే ముఖ్యమైన పని మెటాల్‌ను, హైడ్రోక్వినోన్‌ను గాలి నుంచి కాపాడడం. సంచిలో ఉన్నది సల్ఫేట్ కావడంతో ఆ కాపలా లేక మందు సీసాలోనే చచ్చిపోయింది. తలంబ్రాల ఫొటోలలో పసుపురంగు మరకల మధ్య మనుషుల జాడ మాత్రమే మిగిలింది. పెళ్లికూతురు తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఇంటికి పిలిచి అన్నం పెట్టి పంపించాడు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదు. ఆ తరువాత, ఎంత నమ్మకమైన మందైనా సరే, ముక్కతో పరీక్ష చేయకుండా నేను రీలు వేయలేదు. ఆ పరీక్ష గురించి కింద చెప్తాను.

మిగతా సరుకులలో కొన్ని మన ఊళ్లోనే దొరుకుతాయి. బోరాక్స్ అంటే మన వెలిగారమే, బంగారం పని చేసేవారు అతుకులకు వాడేది. కానీ మందుల కోసం పొంగించిన వెలిగారం తీసుకోవద్దు. పొంగించినప్పుడు అందులోని నీరు పోతుంది కాబట్టి అదే 2 గ్రాములలో దాదాపు రెండింతల బోరాక్స్ ఉంటుంది. ఇలా రసాయనంలో ఇమిడిన నీటి లెక్క సల్ఫైట్, కార్బొనేట్ విషయంలో మరింత ముఖ్యం. స్ఫటికాల రూపంలో ఉండే సల్ఫైట్ దొరికితే, నీరు లేని 100 గ్రాముల స్థానంలో 200 గ్రాములు వేయాలి. ప్రింట్ల డెవలపర్‌లో వాడే నీరు లేని సోడియం కార్బొనేట్‌కు బదులు స్ఫటికాల చాకలి సోడా అయితే బరువు 2.7 రెట్లు అవుతుంది. సూత్రంలో ఏ రూపం చెప్పారో, డబ్బా మీద ఏ రూపం ఉందో రెండూ చూసుకోనిదే త్రాసు ముట్టవద్దు. డెవలపర్ పనిని ఆపే స్టాప్‌బాత్‌కు లీటరుకు 15 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు, ఏ కిరాణా కొట్టులోనైనా ఉంటుంది. నిమ్మకాయలకు కొదవలేని నకిరేకల్ పక్కనే ఉన్నాం కదా అని నిమ్మరసం పిండితే సరిపోతుందా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. సరిపోదు, అందులోని గుజ్జు, చక్కెర ఫిల్ముకు అంటుకుంటాయి.

తూకానికి వంటింటి త్రాసు పనికిరాదు. అది ఒక గ్రాము మెట్లలో చూపిస్తుంది, అంటే 2 గ్రాముల మెటాల్ దగ్గర అర గ్రాము, నాలుగో వంతు, అటూ ఇటూ కావచ్చు. గ్రాములో నూరోవంతు చూపించే చిన్న బ్యాటరీ త్రాసు, బంగారం తూచేవారు వాడే రకం, ఒకటి కొనుక్కోండి. సల్ఫైట్ 100 గ్రాములకు వంటింటి త్రాసైనా పర్వాలేదు, అక్కడ రెండు గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలియదు. తూచే ముందు ఫ్యాను ఆపాలి. ఇది పట్టింపు కోసం చెప్తున్నది కాదు. ఎగిరిన మెటాల్ ధూళి గదిలో ఎక్కడ పడితే, తరువాత తడి ఫిల్ము అక్కడ ఆనినప్పుడు నల్ల చుక్క పడుతుంది, ముక్కులోకి పోతే మనకు హాని. అందుకే ఫిల్ము ఎక్కించే గదిలో పొడులు తూచకూడదు. ముక్కుకు మాస్కు, చేతికి నైట్రైల్ గ్లవుజులు తప్పనిసరి. మా ఉస్తాద్ ముప్పై ఏళ్లు ఒట్టి చేతులతో పని చేసి, చివరికి వేళ్ల సందులు పగిలి, మెటాల్ డబ్బా మూత తీస్తేనే దురద పుట్టే స్థితికి వచ్చారు. మెటాల్ అందరికీ పడకపోవడం ఉండదు, కానీ ఒకసారి పడకుండా పోతే ఇక ఎప్పటికీ పడదు.

తూచిన ప్రతి పొడినీ ఒక కాగితంలో పొట్లం కట్టి, పేరు రాసి, వేయవలసిన వరుసలో బల్ల మీద పేర్చుకోండి. కలిపే మధ్యలో ఎవరో పిలిచి వెళ్లివచ్చాక ‘హైడ్రోక్వినోన్ వేశానా, లేదా’ అన్న సందేహం అందరికీ వస్తుంది. పొట్లం ఉంటే వేయలేదని, ఖాళీ కాగితం ఉంటే వేశామని తెలుస్తుంది.

కలిపే పాత్ర గాజుది, స్టీలుది, లేదా మంచి ప్లాస్టిక్‌ది కావాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న బకెట్లు పనికిరావు. ఆ పాత్రను మళ్లీ వంటింట్లోకి పంపకూడదు. 750 మిల్లీలీటర్ల నీళ్లు 50 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో మన ట్యాంకు నీళ్లు చెయ్యి కాలినట్లు అనిపించినా అవి 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి, చాలవు. 30 డిగ్రీలు ఉన్న 500 మిల్లీలీటర్ల నీళ్లలో 250 మిల్లీలీటర్ల మరుగుతున్న నీళ్లు కలిపితే 53 దగ్గరకు వస్తుంది. పాత్ర కొంత వేడి లాక్కుంటుంది కాబట్టి థర్మామీటరుతో చూసుకొని మొదలుపెట్టండి. 55 దాటితే ఆగి చల్లారనివ్వండి, మరీ వేడి నీళ్లలో మందు త్వరగా పాడవుతుంది.

వరుస ఇలా ఉండాలి, అలా ఎందుకో కూడా చెప్తాను. ముందుగా సల్ఫైట్ పొట్లం నుంచి రెండు వేళ్లకు వచ్చేంత చిటికెడు తీసి నీళ్లలో వేయాలి. అది నీటిలో ఉన్న గాలిని పట్టుకుంటుంది. తరువాత మెటాల్. లేత రంగు సన్నని పొడి నీటి మీద కాసేపు తేలి, కలుపుతుంటే మబ్బు విడిపోయినట్లు రెండు మూడు నిమిషాల్లో మాయమవుతుంది. ఒక్క రేణువు కూడా కనపడనంత వరకు ఆగాలి. ఎందుకంటే మెటాల్ చిక్కటి సల్ఫైట్ ద్రావణంలో సులభంగా కరగదు, సల్ఫైట్ అంతా ముందు వేసి తరువాత మెటాల్ వేస్తే తెల్లటి పిప్పిలా నిలిచిపోతుంది. హైడ్రోక్వినోన్ సంగతి దీనికి తలకిందులు. గాలికి త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి సల్ఫైట్ కాపలా ఉన్న నీళ్లలోకే అది రావాలి. కనుక మెటాల్ కరిగాక మిగిలిన సల్ఫైట్‌ను ఒక చేత్తో సన్నగా జల్లుతూ, మరో చేత్తో కలుపుతూ ఉండాలి. కుప్పగా గుమ్మరిస్తే అడుగున రాయిలా గడ్డకడుతుంది, దాన్ని పొడిచి పొడిచి కరిగించడానికి అరగంట పడుతుంది. ఆ తరువాత హైడ్రోక్వినోన్, చివర బోరాక్స్. ఒకటి పూర్తిగా కరిగితేనే మరొకటి. చివర చల్లటి నీళ్లు పోసి సరిగ్గా లీటరుకు తేవాలి. ముందే లీటరు నీళ్లు తీసుకొని అందులో పొడులు వేయడం తప్పు, పొడులు కూడా చోటు ఆక్రమిస్తాయి.

కలపడమంటే గాజు కడ్డీతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గుండ్రంగా నిదానంగా తిప్పడం. మజ్జిగ చిలికినట్లు చిలికితే నురుగుతోపాటు గాలి కూడా చేరి మందు ఆయుష్షు తగ్గుతుంది. చల్లారాక దూది పొర మీదుగా వడగట్టి, సీసా నింపి, ఒక రాత్రి ఆగి మరునాడు వాడండి. కంపెనీ ప్యాకెట్టు అయితే ఈ వరుసతో పని లేదు, అదే వేడి నీళ్లలో పొడి మొత్తం నెమ్మదిగా జల్లుతూ కలపడమే. ఇదే సూత్రంతో ఇంకో కంపెనీ చేసే ఐడీ-11 రకంలో రెండు సంచులు ఉంటే మొదటిది పూర్తిగా కరిగాకే రెండవది.

నాలుగు రసాయనాలు ఎక్కువ అనిపిస్తే డీ-23 అనే డెవలపర్‌తో మొదలుపెట్టండి. లీటరుకు మెటాల్ ఏడున్నర గ్రాములు, సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. మెటాల్ ఎక్కువ ఉంది కాబట్టి తూకంలో చిన్న తేడా పెద్దగా బాధించదు. తొలిసారి కలిపేవారికి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, కానీ వినేవారు తక్కువ. పేరున్న సూత్రం మీదే అందరికీ మోజు.

ఇప్పుడు పరీక్ష. కెమెరాలో రీలు ఎక్కించేటప్పుడు వెలుతురు తగిలి వృథా అయ్యే నాలుక ముక్కలను పారేయకుండా దాచండి. కొత్త డెవలపర్‌ను చిన్న గ్లాసులో కొంచెం పోసి, 20 డిగ్రీలకు తెచ్చి, ఒక ముక్కను వెలుతురులోనే సగం వరకు ముంచి గడియారం చూడండి. ఆరోగ్యంగా ఉన్న స్టాక్‌లో అది ఒకటి రెండు నిమిషాల్లోనే బూడిదరంగుకు తిరిగి, మీరు రీలుకు ఇచ్చే సమయం పూర్తయ్యేసరికి దీపానికి ఎదురుగా పట్టినా వెలుగు రాని కాటుక నలుపుకు వస్తుంది. ఆ ముక్కను హైపోలో వేసి, కడిగి, ఆరబెట్టి, తేదీ రాసి నోటు పుస్తకంలో అంటించండి. తరువాత ప్రతిసారీ కొత్త ముక్కను దాని పక్కన పెట్టి చూడవచ్చు. నెగటివ్ ఎంత నాణ్యంగా వస్తుందో ఇది చెప్పలేదు. మందు బతికి ఉందా లేదా అన్నది మాత్రం కచ్చితంగా చెప్తుంది, మీ రీలును కాపాడడానికి అది చాలు.

హైపో కలపడం వీటన్నిటికంటే తేలిక, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. వెండి లవణాలను అది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. చేపల చెరువులవాళ్లు నీటిలోని క్లోరిన్ పోగొట్టడానికి వాడడం వల్ల ఇప్పుడు కూడా చవకగా దొరుకుతుంది. 50 డిగ్రీల నీళ్లు అర లీటరు తీసుకొని 240 గ్రాముల స్ఫటికాలు, తరువాత 10 గ్రాముల సల్ఫైట్, ద్రావణం బాగా చల్లారాక 25 గ్రాముల సోడియం బైసల్ఫైట్ వేసి లీటరు చేయండి. కరిగేటప్పుడు హైపో నీటి వేడిని పీల్చుకుంటుంది. మామూలు నీళ్లలో వేస్తే గ్లాసు బయట చెమట పట్టేంత చల్లబడి, సగం స్ఫటికాలు కరగకుండా ఉండిపోతాయి, అందుకే వేడి నీళ్లతో మొదలుపెట్టడం. సల్ఫైట్ లేకుండా నేరుగా యాసిడ్ పోస్తే హైపో విరిగి గంధకం బయటపడి పాలలా తెల్లబడుతుంది, అలాంటిదాన్ని పారబోయాలి. బైసల్ఫైట్ డబ్బా తెరిచేటప్పుడు ముక్కు పక్కకు తిప్పుకోండి, ఉబ్బసం ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు. పాత రోజుల్లో ఎండాకాలం ఫిల్ము మీది జిగురు పొర మెత్తబడకుండా ఇందులో పటిక కూడా కలిపేవాళ్లం. నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించడానికి మన జిల్లా పేరు మీదే ఉన్న నల్లగొండ టెక్నిక్‌లో వాడేదీ పటికే. ఇప్పటి ఫిల్ములకు ఆ అవసరం లేదు, పైగా పటిక వేస్తే కడగడానికి ఎక్కువ సేపు పడుతుంది.

హైపోలో ఎంతసేపు ఉంచాలన్నది కూడా నాలుక ముక్కే చెప్తుంది. డెవలపర్‌లో వేయని ముక్కను హైపోలో వేస్తే పాలరంగు పోయి ఎన్ని నిమిషాల్లో తేటపడుతుందో చూసి, దానికి రెట్టింపు సమయం రీలుకు ఇవ్వాలి. కొత్త హైపోలో పట్టిన సమయానికి రెండింతలు పట్టడం మొదలైన రోజు ఆ హైపో పని అయిపోయినట్లే. హైపో గరిటె, కొలగ్లాసు, గరాటు డెవలపర్ వైపు రాకూడదు. కొన్ని చుక్కలు డెవలపర్‌లో పడినా నెగటివ్ మీద పొగలాంటి మసక వస్తుంది.

ఎండాకాలం గురించి మీరు అడగలేదు గానీ మన దగ్గర అది లేకుండా ఈ జవాబు పూర్తి కాదు. బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు 20 కోసం మంచుగడ్డలతో కుస్తీ పట్టడం కంటే 24 దగ్గర స్థిరంగా ఉండడం మేలు. కొత్త కుండలో పోసిన నీళ్లు మన పొడి ఎండలకు చక్కగా చల్లబడతాయి, ఆ నీటి తొట్టిలో అన్ని సీసాలనూ గంటసేపు నిలబెడితే కొద్దిపాటి మంచుతో పని జరుగుతుంది. మంచును సీసాల చుట్టూ వేయాలి, మందులో వేయకూడదు. స్టాక్‌ను నేరుగా వాడితే 24 దగ్గర సమయం 5 నిమిషాలకు పడిపోతుంది, అంత తక్కువ సమయంలో మందు ఫిల్ము అంతటా సమంగా పని చేయడం కష్టం. కనుక స్టాక్‌కు సమానంగా నీళ్లు కలిపి వాడండి. మీ ఫిల్ముకు 20 డిగ్రీల దగ్గర 11 నుంచి 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 8 నుంచి 9 నిమిషాలు పడుతుంది. ఇలా కలిపిన మందును ఒక రీలుకు వాడి పారబోయాలి. స్టాప్‌బాత్, హైపో, కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి, చల్లటి డెవలపర్ నుంచి తీసి మిట్టమధ్యాహ్నం కుళాయి కింద పెట్టడం ఫిల్మును వేధించడమే.

నీటి కటకట ఉన్న ఊళ్లలో కుళాయి వదిలి కడగవలసిన అవసరం కూడా లేదు. పటిక లేని హైపో తరువాత రీలు ఉన్న డెవలపింగ్ ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోసి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు తిరగేస్తే సరిపోతుంది. చివరిసారి మాత్రం ఆర్‌ఓ నీళ్లు, అందులో నీరు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేసే వెటింగ్ ఏజెంట్ ఒకటి రెండు చుక్కలు. బోరు నీళ్లతో ముగిస్తే ఆరిన ప్రతి బొట్టూ ఫొటోలోని ఆకాశంలో తెల్లటి వలయంగా కనపడుతుంది, దాన్ని తుడిస్తే గీతలు పడతాయి.

స్టాక్ డెవలపర్ నిండుగా బిగించిన సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ అయినదానిలో రెండు నెలలు ఉంటుంది. లీటరు సీసాకు బదులు నాలుగు పావు లీటరు సీసాలలో మెడ వరకు నింపుకొంటే అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే, కడిగిన గాజు గోలీలు ఒక్కొక్కటిగా జారవిడిచి మందును మూతిదాకా తెచ్చి మూత పెట్టండి. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దు: కూల్‌డ్రింక్ సీసాలలో మందులు పోయకండి. పురుగుమందును అలాంటి సీసాలలో పోసి జరిగిన అనర్థాలు మన పల్లెల్లో కొత్త కాదు. రంగు గాజు సీసాలు తీసుకొని, పేరు, తేదీ రాసిన చీటీ అంటించి, పిల్లలకు అందని అటక మీద పెట్టండి. వాడిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని బోరు పక్కన ఇంకుడు గుంతలో పోయకూడదు. మా కాలంలో వెండి తీసుకునేవాళ్లు క్యాన్లతో వచ్చి కొనుక్కుపోయేవారు. ఇప్పుడు వారు దొరకడం కష్టం, అందుకని నేను ప్లాస్టిక్ డబ్బాలో స్టీలు పీచు వేసి, హైపోను వారం రోజులు అందులో ఉంచి, వెండి మడ్డిగా దిగాకే మిగిలిన నీటిని వదిలించుకుంటాను.

ఇక మీ దగ్గర ఉన్న సరుకు. మిగిలిన సగం పొడి గడ్డకట్టకుండా తెల్లగా ఉంటే, దాన్ని 400 మిల్లీలీటర్ల 52 డిగ్రీల ఆర్‌ఓ నీళ్లలో కరిగించి అర లీటరు చేయండి. పాత అర లీటరులో మిగిలినదాన్ని, అడుగు మడ్డిని పారేయకపోతే దానితో సహా, ఇందులో కలిపి వడగట్టండి. విడిపోయిన రెండు సగాలు మళ్లీ కలిశాయి కాబట్టి సూత్రానికి దగ్గరగానే ఉంటుంది, కొంత మందు వాడేశారు కనుక సరిగ్గా అదే అని చెప్పలేను. నాలుక ముక్క నల్లబడితే ఒక ప్రయత్నపు రీలుకు వాడండి, ఆలయం రీలు మళ్లీ తీస్తే మాత్రం కొత్త ప్యాకెట్టు విప్పండి. ఇప్పటికే కడిగిన పలుచని నెగటివ్‌లను పారేయవద్దు. నలుపు తెలుపుల తేడాను పెంచి చూపే నాలుగు, ఐదు గ్రేడుల గట్టి కాగితం మీద ప్రింటు వేస్తే స్తంభాల మీది చెక్కడాలు చాలావరకు పైకి వస్తాయి. ఒక నెగటివ్‌ను తెల్ల కాగితం ముందు పట్టి ఫొటో తీసి ఇక్కడ పెడితే, ఏ గ్రేడు సరిపోతుందో చూసి చెప్తాను.